కంప్యూటర్ ఆగినా కౌంటర్ ఆగకూడదు: చేతిరాత బోర్డింగ్ పాస్ వెనక నడిచే లెక్కలు

2024 జులై 19న హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడి బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఎయిర్‌లైన్ల కంప్యూటర్లు ఆగిపోవడంతో పేరు, ఫ్లైట్ నంబరు, సీటు అన్నీ పెన్నుతో చేత్తో రాసినవే. దాన్ని చూసి పాత రోజులు గుర్తొచ్చాయన్నవాళ్లు చాలామంది. నిజానికి ఆ రోజు కౌంటర్ల దగ్గర జరిగిన పనిలో ఆ కాగితం రాయడమే అన్నిటికంటే తేలిక, అర నిమిషంలో అయిపోతుంది. దాని వెనక మాత్రం మూడు లెక్కలు నడవాలి. ఒకటి, ఎంతమంది ఎక్కారు. రెండు, ఎవరి బ్యాగు ఎక్కడుంది. మూడు, మొత్తం బరువెంత, అది ముందుకు మొగ్గుతోందా వెనక్కి మొగ్గుతోందా. ఈ మూడూ తేలకుండా విమానం తలుపు మూయరు. మామూలు రోజుల్లో కంప్యూటర్ ఈ లెక్కలన్నీ ఎవరికీ కనిపించకుండా చేసేస్తుంది కాబట్టి అవి ఉన్నాయనే మనకు తెలియదు. అది ఆగిన రోజున క్యూలు అంత పొడవు పెరగడానికి కారణం ఇవే. రాత ఆలస్యం అందులో చాలా చిన్న భాగం.

అసలు ఏది ఆగింది?

“సర్వర్ డౌన్” అని మైకులో చెప్పే ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు జబ్బులు ఉండొచ్చు. టికెట్లు అమ్మే రిజర్వేషన్ వ్యవస్థ ఒకటి. ప్రయాణం రోజున చెక్-ఇన్, సీట్లు, బోర్డింగ్, బరువు చూసుకునే డిపార్చర్ కంట్రోల్ సిస్టమ్ రెండోది, సిబ్బంది దీన్ని డీసీఎస్ అంటారు. మూడోది కౌంటర్ మీద మనకు కనిపించే కంప్యూటర్, ప్రింటర్, స్కానర్. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఇవి చాలావరకు ఎయిర్‌లైన్ సొంతం కావు. పొద్దున ఒక కంపెనీ, సాయంత్రం ఇంకో కంపెనీ అదే కౌంటర్‌లో కూర్చునేలా ఎయిర్‌పోర్టు ఒక ఉమ్మడి వేదిక పెడుతుంది, దాని పాత పేరు క్యూట్, కొత్త తరం పేరు కప్స్. నాలుగోది బెల్టు మీద పడ్డ బ్యాగును సరైన విమానం వైపు మళ్లించే సార్టింగ్ వ్యవస్థ.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మూడు సంఘటనలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2019 ఏప్రిల్ 27 తెల్లవారుజామున ఎయిరిండియా వాడే సీటా కంపెనీ సర్వర్ ఆగింది. అంటే డీసీఎస్ జబ్బు. ఏ ఎయిర్‌పోర్టుకు వెళ్లినా ఆ ఒక్క ఎయిర్‌లైన్‌కే కష్టం, పక్క కౌంటర్‌లో మిగతావాళ్ల పని సాఫీగా నడుస్తుంది. 2025 సెప్టెంబరు 19 రాత్రి కాలిన్స్ ఏరోస్పేస్ వారి మ్యూజ్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగినప్పుడు పడిపోయింది ఉమ్మడి వేదిక. అందుకే బ్రసెల్స్, బెర్లిన్, లండన్ హీత్రో ఎయిర్‌పోర్టుల్లో అది వాడే ఎయిర్‌లైన్లన్నీ ఒకేసారి ఇరుక్కున్నాయి. విచిత్రం ఏమిటంటే ఆ ఎయిర్‌లైన్ల డీసీఎస్‌లు బాగానే ఉన్నాయి, ఆన్‌లైన్ చెక్-ఇన్ కూడా నడిచింది. అయినా బ్రసెల్స్ ఎయిర్‌పోర్టు ఆ సోమవారం బయల్దేరాల్సిన విమానాల్లో దాదాపు సగం రద్దు చేసుకోమని ఎయిర్‌లైన్లను అడగాల్సి వచ్చింది.

2024 జులై 19న రెండు దెబ్బలు కలిసి పడ్డాయి. మన కాలమానం ప్రకారం ఆ తెల్లవారుజామునే కంపెనీలు ఇంటర్నెట్ మీద అద్దెకు వాడుకునే మైక్రోసాఫ్ట్ అజూర్ కంప్యూటర్ సేవ అమెరికాలోని ఒక ప్రాంతంలో దెబ్బతింది. అది తేరుకునేలోపే, ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు ఫైలు ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లను నీలి తెరతో ఆపేసింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అలా ఆగినవి 85 లక్షలు. 10 గంటల 57 నిమిషాలకల్లా ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. మరి సమస్య గంటంబావులో ఎందుకు తీరలేదు? అప్పటికే పడిపోయిన కంప్యూటర్ ఆన్ అవగానే మళ్లీ పడిపోతుంది. కొత్త ఫైలు అందుకునేంతసేపు అది నిలబడదు. కాబట్టి ఒక మనిషి ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చేత్తో తీసేయాలి. డిస్కుకు తాళం వేసి ఉంటే దానికి 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి. మన దేశంలో ఆ రోజు ఒక్క ఇండిగోనే దాదాపు 200 విమానాలు రద్దు చేసింది. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల నుంచి ఎయిర్‌లైన్ల వ్యవస్థలు మామూలు స్థితికి వచ్చాయని కేంద్ర పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు.

కౌంటర్ సూపర్‌వైజర్‌కు ఇదంతా మొదటి అయిదు నిమిషాల్లో తేల్చుకోవాల్సిన విషయం. ఆగింది కౌంటర్ కంప్యూటరే అయితే ఫోన్ ఇంటర్నెట్‌తో ల్యాప్‌టాప్ మీద డీసీఎస్ తెరిచి పని కానివ్వొచ్చు. బోర్డింగ్ పాస్ ప్రింట్ కాకపోయినా లెక్కలన్నీ యంత్రం దగ్గరే భద్రంగా ఉంటాయి. డీసీఎస్సే పోతే ఇక కాగితమే దిక్కు.

ముందుగా తీసి పెట్టుకున్న జాబితా

కాగితం మీదికి దిగాలంటే మొదట కావలసింది ప్రయాణికుల పేర్ల జాబితా. దీన్ని పీఎన్‌ఎల్ అంటారు. రిజర్వేషన్ వ్యవస్థ ప్రయాణానికి ముందే దీన్ని డీసీఎస్‌కు పంపుతుంది. తర్వాత టికెట్ కొన్నవాళ్లు, రద్దు చేసుకున్నవాళ్ల వివరాలు ఏడీఎల్ అనే చేర్పుల జాబితాగా విడిగా వస్తుంటాయి. ప్రతి పేరు పక్కన పీఎన్‌ఆర్, వీల్‌చెయిర్ కావాలా, చంటిబిడ్డ ఉందా, ఒంటరిగా వెళ్లే పిల్లలా అనే గుర్తులు ఉంటాయి.

ఆ జాబితా వ్యవస్థ బతికి ఉన్నప్పుడే ప్రింట్ తీసి ఉంటేనే పనికొస్తుంది. అది పోయాక తీద్దామంటే కుదరదు. ఒక్కో ఎయిర్‌పోర్టులో ఎయిర్‌లైన్‌కు ఉండే విభాగాన్ని స్టేషన్ అంటారు. మంచి స్టేషన్లలో షిఫ్టు మొదలవగానే రాబోయే విమానాల జాబితాలు తీసి ఫైల్లో పెడతారు. సగం రోజులు అవి చిత్తుకాగితాల్లోకే పోతాయి. కాగితం వృథా అని ఈ అలవాటు మానేసిన స్టేషన్‌లో వ్యవస్థ పోయిన రోజున వేరే ఊళ్లోని ఆఫీసుకు ఫోన్ చేసి జాబితా వాట్సాప్‌లో పంపమని అడగాల్సి వస్తుంది. మా దృష్టిలో ఒక స్టేషన్ సిద్ధంగా ఉందో లేదో తేల్చడానికి ఆ ఫైలు తెరిచి చూస్తే చాలు.

జాబితాతో పాటు ఒక పెట్టె ఉంటుంది. ఖాళీ బోర్డింగ్ కార్డుల కట్టలు, ముందే నంబర్లు అచ్చేసిన బ్యాగ్ ట్యాగులు, ఒక్కో రకం విమానానికి సీటు స్టిక్కర్ల షీట్లు, బరువు లెక్కకు ఖాళీ లోడ్ షీట్లు, కార్బన్ పేపర్లు, స్టాంపు, పెన్నులు అందులో ఉండాలి. ఇక్కడ తరచు దొరికే లోపం ఒకటుంది. విమానం రకం మారినా పెట్టెలో షీట్లు మారవు. 180 సీట్ల షీట్ పెట్టుకుని 186 సీట్ల విమానం నింపితే చివరి వరుసలకు స్టిక్కర్లే ఉండవు.

కౌంటర్ దగ్గర

మామూలుగా ఏ కౌంటర్‌లోనైనా ఏ విమానానికైనా చెక్-ఇన్ చేయొచ్చు. చేతి పనిలో అది సాగదు, జాబితా ఒక్కటే, సీట్ల షీట్ ఒక్కటే. కాబట్టి మొదట చేసేది ఒక్కో విమానానికి విడి కౌంటర్లు కేటాయించి, బోర్డు మీద మార్కర్‌తో ఫ్లైట్ నంబరు రాసి నిలబెట్టడం. ఆ తర్వాత జాబితాను ఇంటిపేర్ల అక్షరాల ప్రకారం కౌంటర్లకు పంచుతారు.

తెలుగు పేర్లతో ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. జాబితా వరస కట్టేది చివరి పేరుతో. మనలో ఇంటిపేరు ముందు రాసేవాళ్లున్నారు, టికెట్ కొనేటప్పుడు చివరి పేరు గడిలో రావు, రెడ్డి, కుమార్ అని నింపేవాళ్లున్నారు. ఒకే పేరును రెండు గడుల్లోనూ రాసేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి వెళ్లే జాబితాలో ‘రెడ్డి’ దగ్గర వేలు పెడితే ఆ వేలు చాలాసేపు కిందికి జారుతూనే ఉంటుంది. వై. లక్ష్మి బదులు వి. లక్ష్మి పేరు కొట్టేస్తే, అసలు వి. లక్ష్మి గంట తర్వాత వచ్చినప్పుడు “మీరు అప్పుడే చెక్-ఇన్ అయిపోయారు” అని చెప్పాల్సి వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పేరు మీద ఆధారపడరు. పీఎన్‌ఆర్ ఆరు అక్షరాలు పైకి చదివించుకుని, గుర్తింపు కార్డు చూసి, అప్పుడే గీత కొడతారు.

సీటు స్టిక్కర్ పద్ధతి పాతదే అయినా చాలా తెలివైనది. విమానంలో ఎన్ని సీట్లో షీట్ మీద అన్ని స్టిక్కర్లు. 14సీ స్టిక్కర్ ఊడదీసి బోర్డింగ్ కార్డు మీద అంటిస్తే, ఇక 14సీ షీట్ మీద లేదు. ఒకే సీటు ఇద్దరికి ఇవ్వడం కుదరనే కుదరదు. పెన్నుతో రాస్తే ఆ భద్రత పోతుంది. 1, 7 ఒకలా కనిపిస్తాయి. తొందరలో రాసిన బీ, 8 కూడా అంతే. ఆ గొడవ విమానంలో ఇద్దరు ఒకే సీటు దగ్గర నిలబడ్డాకే బయటపడుతుంది.

స్టిక్కర్ల షీట్‌ను వరుసలవారీగా కత్తిరించి కౌంటర్లకు ఇస్తారు. ఒకరికి 1 నుంచి 10, ఇంకొకరికి 11 నుంచి 20. విమానం నిండా జనం ఉంటే దీనివల్ల ఇబ్బంది లేదు. సగమే నిండితే, చివరి వరుసల కౌంటర్ చురుగ్గా పనిచేసిన పాపానికి బరువంతా తోక వైపు చేరుతుంది. సూపర్‌వైజర్ మధ్యమధ్యలో వచ్చి ముక్కలు చూసుకుంటూ ఉండాలి. ఎమర్జెన్సీ ద్వారం పక్క వరుసల స్టిక్కర్లు మాత్రం ఆయన దగ్గరే ఉంచుకోవడం మంచిది. అక్కడ పిల్లల్ని, గర్భిణుల్ని, నడవలేనివారిని కూర్చోబెట్టకూడదు. చంటిబిడ్డల విషయమూ కంప్యూటర్ చూసుకునేదే. ఎయిర్‌బస్ ఏ320 విమానంలో మూడు సీట్ల వరుసకు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులుంటాయి కాబట్టి ఆ మూడు సీట్లలో ఒళ్లో బిడ్డ ఒక్కరే ఉండాలి. చేతి పనిలో ఇది గుర్తుంచుకోవడం మనిషి వంతు.

కాలం లెక్క చూడండి. ఒక్కొక్కరికి నిమిషం పడితే నాలుగు కౌంటర్లలో 180 మంది 45 నిమిషాల్లో అయిపోతారు. అదే మూడు నిమిషాలైతే రెండుంబావు గంటలు. దేశీయ విమానాలకు చెక్-ఇన్ గంట ముందు ముగుస్తుంది. కాబట్టి “ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుందేమో” అని వ్యవస్థ కోసం చూస్తూ కూర్చోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

బ్యాగులు: రాజీ పడకూడని చోటు

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న బ్యాగు వాంకూవర్‌లో చెక్-ఇన్ అయింది, దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. మనిషి ఎక్కకపోతే అతని బ్యాగు కూడా ఎక్కకూడదు అనే నియమం ప్రపంచమంతా గట్టిపడింది ఆ తర్వాతే. కంప్యూటర్ ఉన్నా లేకపోయినా దీనికి మినహాయింపు లేదు. చేతి పని రోజున విమానాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ట్యాగు మీద పది అంకెలుంటాయి. మొదటిది ట్యాగు రకం, తర్వాతి మూడు ఎయిర్‌లైన్ సంఖ్య, చివరి ఆరు ఆ బ్యాగు సొంత నంబరు. మామూలు రోజున ట్యాగు ప్రింట్ కాగానే డీసీఎస్ నుంచి సార్టింగ్ వ్యవస్థకు ఒక సందేశం వెళుతుంది, ఫలానా నంబరు ఫలానా విమానానిదని. ఆ సందేశం రాకపోతే బెల్టు మీద స్కానర్ బార్‌కోడ్ చదివినా దాన్ని ఎటు పంపాలో దానికి తెలియదు. అలాంటి బ్యాగులన్నీ ఒకే మూలకు చేరి గుట్ట పడతాయి. దీనికోసం మొదటి అంకె 1 ఉన్న ఫాల్‌బ్యాక్ ట్యాగులు ముందే అచ్చేసి ఉంచుతారు. నంబరును బట్టి బ్యాగు ఏ వైపు పోవాలో సార్టర్‌కు ముందుగానే నేర్పి ఉంటారు. అవి లేని చోట కింద మనుషుల్ని నిలబెట్టి, ట్యాగు మీద రాసింది చదివి చేత్తో విడదీయాలి.

ట్యాగును దగ్గరగా చూస్తే దాని చివర చిన్న చిన్న స్టిక్కర్లు కనిపిస్తాయి, అన్నిటి మీదా అదే నంబరు. ఒకటి ప్రయాణికుడి బోర్డింగ్ కార్డు వెనక్కి పోతుంది. ఒకటి బ్యాగు ఒంటి మీద అంటిస్తారు, ట్యాగు తెగినా నంబరు ఉండాలని. ఇంకొకటి విమానం దగ్గర లోడర్ ఊడదీసి, చేతిలోని గడుల కాగితం మీద అంటిస్తాడు. దీన్ని బింగో షీట్ అంటారు. విమానం అడుగున సామాను పెట్టే అర హోల్డు. ముందు హోల్డుకు ఒక షీట్, వెనక హోల్డుకు ఒక షీట్. కౌంటర్‌లో జాబితా మీద పేరు పక్కన ట్యాగు నంబరు, బ్యాగులెన్ని, బరువెంత రాసి ఉంటాయి.

ఇప్పుడు గేటు దగ్గర ఒకరు తగ్గారనుకోండి. జాబితాలో ఆ పేరు చూసి ట్యాగు నంబరు పట్టుకోవాలి, వాకీటాకీలో కిందికి చెప్పాలి, ఆ స్టిక్కర్ ఏ షీట్ మీద ఉందో వెతకాలి, ఆ హోల్డు తెరిచి బ్యాగు దించాలి. షీట్లు సరిగా ఉంటే పది, పదిహేను నిమిషాల పని. స్టిక్కర్ అంటించడం ఒక్కచోట మరిచినా హోల్డు మొత్తం దించి ఒక్కో ట్యాగూ చదవాల్సిందే. చేతి పని రోజున బ్యాగులు కౌంటర్ నుంచి కిందికి ఆలస్యంగా పోతున్నా ఫరవాలేదు, స్టిక్కర్ అంటకుండా మాత్రం పోకూడదు.

గేటు, ఆ తర్వాత బరువు

మధ్యలో సెక్యూరిటీ ఉంది. చేతిరాత కార్డు మీద బార్‌కోడ్ ఉండదు కాబట్టి ఈ-గేటు తెరుచుకోదు, ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర దారి కూడా పనిచేయదు. సీఐఎస్ఎఫ్ సిబ్బంది కార్డు, గుర్తింపు కార్డు, ఎయిర్‌లైన్ స్టాంపు చేత్తో చూసి పంపాలి. స్టాంపు వేయడం మరిచిన కార్డుతో వచ్చినవాళ్లు మళ్లీ కౌంటర్‌కు వెనక్కి నడవాలి. ఫోన్‌లో ముందే బోర్డింగ్ పాస్ తీసుకున్నవాళ్లు ఇక్కడే ఇంకో చిక్కు తెస్తారు. వాళ్ల సీట్లు వ్యవస్థలో ఉన్నాయి, స్టిక్కర్ షీట్ మీద మాత్రం ఖాళీగా కనిపిస్తాయి. చివరిగా దొరికిన సీట్ల మ్యాప్ చూసి ఆ స్టిక్కర్లు ముందే తీసేయకపోతే ఆ సీట్లు రెండోసారి వెళ్లిపోతాయి.

గేటు దగ్గర కార్డులో చిన్న ముక్క చింపుకుంటారు. ప్రతి కార్డుకూ 1, 2, 3 అని వరుస నంబరు వేసి ఉంటుంది. ఆ ముక్కలు వరుసగా పేర్చి, నంబర్ల పట్టీ మీద గీతలు కొట్టుకుంటూ పోతారు. లోపల క్యాబిన్ సిబ్బంది నడిచి తలలు లెక్కపెడతారు. జాబితా, చింపిన ముక్కలు, తలలు ఒకే అంకె చెప్పాలి. ఒకటి తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి లెక్క.

లోడ్ షీట్ గురించి ప్రయాణికులు విననే వినరు. మన దేశంలో ఈ లెక్కకు పెద్దవారికి చేతి సామానుతో కలిపి 75 కిలోలు, 2 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 35, చంటిబిడ్డకు 10 కిలోలు పెడతారు. 186 మంది పెద్దవాళ్లంటే దాదాపు 14 టన్నులు. ఆ బరువు ముందు, మధ్య, వెనక భాగాల్లో ఎలా పరుచుకుంది, హోల్డుల్లో ఎన్ని కిలోలు, ఇంధనం ఎంత అనేది, బరువు ఎటు మొగ్గుతోందో చూపే ట్రిమ్ షీట్ మీద స్కేలుతో గీతలు గీస్తూ వస్తారు. చివరి గీత అనుమతించిన గీతల మధ్య పడాలి. పడకపోతే కొందరిని లేపి ముందుకో వెనక్కో మార్చాలి, లేదా బ్యాగులు ఈ హోల్డు నుంచి ఆ హోల్డుకు. 78 సీట్ల ఏటీఆర్ లాంటి చిన్న విమానంలో నలుగురు సీటు మారినా తేడా కనిపిస్తుంది. చాలా ఎయిర్‌లైన్లలో ఈ లెక్క ఇప్పుడు ఒకే ఊళ్లో కూర్చున్న బృందం కంప్యూటర్ మీద చేస్తుంది కాబట్టి, స్టేషన్‌లో చేత్తో గీయడం వచ్చినవాళ్లు తగ్గిపోతున్నారు. ఇది నిజంగా ఆందోళన పడాల్సిన విషయం. చేతిరాత కార్డు ఎవరైనా రాయగలరు. ట్రిమ్ షీట్ గీయడానికి మాత్రం శిక్షణ పొంది, ఆ పని చేయడానికి అర్హత ఉన్న మనిషే ఉండాలి. అలాంటివాళ్లు షిఫ్టులో ఇద్దరే ఉంటే, ఎన్ని కౌంటర్లు తెరిచినా విమానాలు ఆ ఇద్దరి వేగంతోనే కదులుతాయి.

విదేశీ విమానాలకు ఇంకో మెలిక. దోహా, దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే విద్యార్థికి చేత్తో ఇచ్చే కార్డు మొదటి విమానానికే సరిపోతుంది. తర్వాతి కార్డు మధ్య ఊళ్లోని ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర తీసుకోవాలి. బ్యాగు చివరి ఊరిదాకా వేశారా, మధ్యలో దించుతారా అన్నది ట్యాగు మీది మూడక్షరాల ఊరి కోడ్ చూసి అక్కడే అడిగి తెలుసుకోవాలి. పాస్‌పోర్టు వివరాలు ముందుగా ఆ దేశానికి పంపి అనుమతి రావాల్సిన చోట, ఆ సమాధానం రాకుండా ఎక్కించరు. అందుకే ఇలాంటి రోజున దేశీయ విమానాలు కుంటుతూ అయినా కదులుతుంటే అంతర్జాతీయ విమానాలు అక్కడే నిలబడిపోతాయి.

వ్యవస్థ తిరిగి వచ్చాక

తెర మీద లాగిన్ కనిపించగానే అందరికీ అటు పరుగెత్తాలనిపిస్తుంది. సగం జాబితా చేత్తో పూర్తయిన విమానాన్ని మధ్యలో కంప్యూటర్‌కు మార్చకూడదు. దానికి ఇప్పటికే ఇచ్చిన సీట్లు తెలియవు, అవే సీట్లు మళ్లీ ఇస్తుంది. చేత్తో మొదలైన విమానం చేత్తోనే పంపి, ఆ తర్వాతి విమానం నుంచి వ్యవస్థలోకి వెళ్లడమే సురక్షితం.

పంపేసిన విమానాల పని కూడా అక్కడితో అయిపోదు. కాగితం మీద ఎక్కిన ప్రతి ఒక్కరినీ, ప్రతి బ్యాగునూ తర్వాత కూర్చుని వ్యవస్థలో ఎక్కించాలి. విమానం వెళ్లాక డీసీఎస్ నుంచి రిజర్వేషన్‌కు వెళ్లే నివేదికలో మీ పేరు ఎక్కినట్టు లేకపోతే మీరు రానట్టే లెక్క. అదే టికెట్ మీద తిరుగు ప్రయాణం ఉంటే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. రాత్రి రెండింటికి అలసిపోయిన సిబ్బంది 180 పేర్లు ఎక్కించేటప్పుడు ఒకటి జారిపోవడం పెద్ద వింతేమీ కాదు. అందుకని చేతిరాత కార్డు, దాని వెనక ఉన్న బ్యాగు స్టిక్కర్ తిరుగు ప్రయాణం ముగిసేదాకా దాచుకోండి, రెండింటికీ ఫొటో తీసి పెట్టుకోండి. ఊరు చేరిన మర్నాడే యాప్‌లో తిరుగు టికెట్ ఇంకా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ కార్డు మీది ఫ్లైట్ నంబరు, తేదీ, సీటు, వరుస నంబరు చెప్పండి. స్టేషన్‌లో దాచిన ముక్కల కట్టలో అదే వరుస నంబరు ముక్క ఉంటుంది, మీరు ఎక్కారనడానికి సాక్ష్యం అదే.